ఖాళీగా లేని డిస్కు

మా కాలేజీ మెయిల్ సర్వర్‌ని పద్దెనిమిదేళ్ళుగా చూసుకుంటున్నది నేనే. అది పనిచేస్తున్నంతకాలం నేనొకణ్ణున్నానని ఎవరికీ గుర్తుండదు. ఆగిపోతే అందరికీ ఒక్కసారే గుర్తొస్తాను. అందుకని అది ఆగిపోకుండా ఉండేందుకు మూడేళ్ళ క్రితం ఒక ఏర్పాటు చేసి, దాని గురించి కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఏర్పాటు ఏమంత గొప్పది కాదు. ఉత్తరాలన్నీ రెండు డిస్కుల్లో ఉంటాయి, ఒకదానికొకటి నకలు. మూడో డిస్కు ఖాళీగా పడి ఉంటుంది. రెండిట్లో ఒకటి చచ్చిపోతే, సర్వర్ తనంతట తానే ఆ ఖాళీ డిస్కును తుడిచి, బతికున్న దానిలోంచి మొత్తం అందులోకి దించుకుంటుంది. మనిషి చెయ్యి పడక్కర్లేదు.

“మనిషి చెయ్యి పడక్కర్లేదు” అన్న ముక్కను నేను ఎంత ఇష్టంగా చెప్పేవాణ్ణంటే, మా హార్డ్‌వేర్ ఉద్యోగి ఓసారి అడిగాడు, “మరి మీకు జీతం ఎందుకు గురువు గారూ?” అని. అతన్ని అందరూ స్క్రూడ్రైవర్ అంటారు. ఇంట్లో వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తుందని వినికిడి.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఒక డిస్కు చచ్చిపోయింది. సర్వర్ మీద ఎర్ర దీపం చూసి నాకు కంగారు పుట్టలేదు సరికదా, చిన్న సంతోషం కలిగింది. పెళ్ళిచూపులకి పిల్లను ముస్తాబు చేసి కూర్చోబెట్టినవాడికి బయట కారు ఆగిన చప్పుడు వినిపించినట్టు. ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఫోన్ చేసి, “ఒక డిస్కు పోయింది మేడమ్. మీరేం పట్టించుకోకండి, తనంతట తానే బాగవుతుంది” అన్నాను. టీ తెచ్చుకున్నాను.

పదింటికి చూస్తే నకలు దిగింది సున్నా శాతం. పదిన్నరకీ సున్నాయే.

అప్పుడొచ్చింది ఆమె. చరిత్ర విభాగంలో పరిశోధన చేస్తోంది, ఆరేళ్ళుగా. శుక్రవారం సాయంత్రంలోపు థీసిస్ ఇచ్చెయ్యాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆమెకి గైడుగా ఉన్న మాస్టారు పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన ప్రతి అధ్యాయం మీదా చేసిన సవరణలన్నీ మెయిల్లోనే ఉన్నాయి. అవి వేరేచోట దాచుకోనా అని ఆమె ఒకప్పుడు నన్ను అడిగింది కూడా. “ఎందుకమ్మా, నీ ఇంటి కంప్యూటర్ కంటే ఇక్కడే భద్రం” అని చెప్పిన మహానుభావుణ్ణి నేనే.

“మెయిల్ నత్తలా తెరుచుకుంటోంది సార్. ఏమైనా అయ్యిందా?”

“చిన్న విషయం. బాగవుతుంది.”

“చిన్న విషయమైతే మీకెందుకు చెమటలు పడుతున్నాయి? ఈ గదిలో ఏసీ ఉంది కదా.”

చరిత్రవాళ్ళతో ఇదే చిక్కు, ఆధారాలు చూస్తారు.

నేను పనిలోకి దిగాను. ముందు కేబుల్‌ని అనుమానించాను. స్క్రూడ్రైవర్‌ని పిలిచి మార్పించాను. తర్వాత కరెంటువాళ్ళని అనుమానించాను. తర్వాత డిస్కు తయారుచేసినవాళ్ళని, ఆపైన దాన్ని మాకు తెచ్చిచ్చిన సరఫరాదారుని. సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టాను, రెండుసార్లు. ప్రతిసారీ సర్వర్ కాసేపు ఆలోచించి, మూడుసార్లు ప్రయత్నించి మానుకుంది. ఈలోగా బతికున్న డిస్కు కూడా చదవడంలో తప్పులు చేయడం మొదలుపెట్టింది. పదకొండింటికి మూడు తప్పులు, పదకొండున్నరకి తొమ్మిది. రెండూ ఒకేరోజు కొన్నవి మరి. కవలలకు జ్వరం కలిసే వస్తుంది.

“అది కూడా పోతే?” అంది ఆమె, స్టూలు మీద కూర్చుని.

అబద్ధం నోటిదాకా వచ్చింది. “పోతే మాస్టారి సవరణలు పోతాయమ్మా. మిగతా అందరివీ పోతాయి. వారానికోసారి తీసే నకలు ఒకటి ఉండాలి కానీ, ఆ టేపు యంత్రం ఉన్న టేపుల్ని కూడా నమిలేసి పాడై రెండు నెలలైంది. తనంతట తానే బాగుచేసుకునే సర్వర్ ఉండగా తొందరేముందిలే అని…”

ఆమె స్టూలు తెరకి దగ్గరగా జరుపుకుని తప్పుల లెక్క చూడసాగింది. తిట్టి ఉంటే బాగుండేది.

స్క్రూడ్రైవర్ మెల్లిగా అన్నాడు, “గురువు గారూ, ఏమనుకోకండి. ఆ సర్వర్ ఎందుకు మానుకుంటోందో అదే ఎక్కడైనా రాసి ఉంటుందేమో చూశారా?”

చూడలేదు. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటిరోజు చెప్పే పాఠం అదే, ముందు లాగ్ చదవండి అని. సర్వర్ తన దినచర్య రాసుకునే ఆ ఫైలు తెరిచాను. పొద్దున తొమ్మిదీ పది నుంచి ఒకే మాట ఓపిగ్గా రాస్తూ ఉంది. ఖాళీగా ఉండాల్సిన డిస్కులో ఫైళ్ళున్నాయి. వాటిలో ఒకటి ఏడు రోజుల లోపు మారింది. కనుక ఎవరో వాడుతున్నారు. కనుక తుడవడం లేదు.

“ఎవడు?” అన్నాను లేచి నిలబడి. “నన్నడక్కుండా నా డిస్కులో చెత్త పెట్టిందెవడు? ఇవాళ వాడి సంగతి తేలుస్తాను!”

“పేరు ఉంటుందా సార్?” అంది ఆమె.

“ఎందుకుండదు? యజమాని పేరు పక్కనే ఉంటుంది.” నొక్కాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు ఆ తెర చూశాకే అర్థమైంది. ఫోల్డర్ పేరు ‘తాత్కాలికం’. పెట్టినది నేను, రెండేళ్ళ క్రితం, ఇంటి కంప్యూటర్ మొరాయించినప్పుడు, రెండు రోజుల కోసం.

స్క్రూడ్రైవర్ పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. అతనికి నవ్వు ఆపుకోవడం చేతకాదు, అయినా ఆపుకున్నాడు. ఆ రోజు నాకు దొరికిన మొదటి దయ అది.

“ఏడు రోజుల లోపు మారిందట. అదేం ఫైలు సార్?” అంది ఆమె.

చెప్పక తప్పలేదు. మా ఆవిడ తన చివరి రోజుల్లో మంచం మీద కూర్చుని ఇల్లు నడిపే పద్ధతి టైపు చేసి పెట్టింది. వరసగా, వంట దగ్గర్నుంచి చుట్టాల దాకా. గురువారం గురువారం మధ్యాహ్నం సర్వర్ గదిలో ఎవరూ ఉండరు కదా అని ఆ ఫైలు తెరిచి, ఆవిడ రాసిన ప్రతి ముక్క కిందా నా జవాబు రాస్తుంటాను.

‘తెల్ల చొక్కాలు రంగు బట్టలతో కలిపి వేయొద్దు.’ కింద నేను: ‘వేశాను. ఇప్పుడు అన్నీ లేత గులాబీ. బాగున్నాయని ఇద్దరన్నారు.’

‘కుక్కర్ మూడు కూతలకి దించు.’ కింద: ‘నాలుగైతే ఏమవుతుందని వాదించాను గుర్తుందా? గంజి అవుతుంది.’

‘ఆదివారం అక్కకి ఫోన్ చెయ్యి. తను చెయ్యదు, ఎదురుచూస్తుంది.’ కింద: ‘చేశాను. నలభై నిమిషాలు. నా వంతు రెండు.’ ఇది పోయిన గురువారం రాసింది. ఆ రోజు జలుబుతో సెలవు పెడదామనుకుని, చివరికి బద్ధకించి సెలవు చీటీ రాయక వచ్చేశాను. సెలవు పెట్టి ఉంటే ఆ ఫైలుని వారం పైన ఎవరూ ముట్టుకోనట్టే లెక్క. సర్వర్ పొద్దున్నే దాన్ని నిశ్శబ్దంగా తుడిచేసి, ఉత్తరాలు దించుకుని, పది గంటలకల్లా నన్ను గొప్పవాణ్ణి చేసేది.

“ముందు మీ ఫైళ్ళు తీసుకోండి సార్, నేను ఆగుతాను” అంది ఆమె. గొంతు మాత్రం ఆగేలా లేదు.

“ఎంతుందో చూడండి. పెద్దదైతే గంటలు పడుతుంది” అన్నాడు స్క్రూడ్రైవర్.

చూశాను. ఫోల్డర్ మొత్తం అరవై జీబీ. అందులో మా ఆవిడ నలభై ఏడు కేబీ. మిగతాదంతా నేనే. ‘ఒంటరి మగవాడికి వంట’ వీడియోలు, అవే మళ్ళీ ఇంకో పేరుతో, నేను పాడగా నేనే రికార్డు చేసుకున్న పాటలు. పాటల సంగతి అడక్కండి. ఆవిడ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి రెప్పపాటులో వెళ్ళిపోయింది. మిగతా నా జీవిత సర్వస్వాన్నీ డిలీట్ చేయడానికి నాలుగు సెకన్లు పట్టింది.

“పాటలు కూడానా?” అన్నాడు స్క్రూడ్రైవర్.

“పాటలు కూడా.”

“లోకానికి మంచిరోజులు గురువు గారూ.”

కానీ అంతటితో అయిపోలేదు. తప్పుల లెక్క పదిహేడుకి చేరింది. ఆ ముసలి డిస్కు ఒకవైపు కాలేజీ అందరి ఉత్తరాలూ మోస్తూ, ఇంకోవైపు నకలు ఇవ్వాలంటే మధ్యలోనే కూలబడుతుంది. సాయంత్రం దాకా అందరి మెయిలూ ఆపేస్తే బతికి బట్టకట్టవచ్చు. దానికి మేడమ్ అనుమతి కావాలి. ‘సాంకేతిక కారణం’ అంటే సరిపోయేది, ఎవరూ అడగరు. అయితే ఆ మాట అనబోతుంటే స్టూలు మీద ఆమె నావైపే చూస్తోంది. ఆరేళ్ళ చదువు, నా మాట నమ్మి ఒక్కచోటే పెట్టుకుంది. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

“మేడమ్, సాయంత్రం అయిదింటి దాకా మెయిల్ మొత్తం ఆపెయ్యాలి.”

“పొద్దున తనంతట తానే బాగవుతుందన్నారు?”

“అవుతుంది మేడమ్. నేనే అడ్డం కూర్చున్నాను. ఖాళీగా ఉంచాల్సిన డిస్కులో నా సొంత ఫైళ్ళు పెట్టుకున్నాను. అందుకే అది మొదలవలేదు. పొద్దున్నుంచి పోయిన మూడు గంటలూ నా తప్పే.”

అటువైపు కుర్చీ వెనక్కి వాలిన చప్పుడు వినిపించింది.

“అయితే అయిదింటి దాకా నాకెవరూ ఉత్తరం రాయలేరన్నమాట.”

“రాయలేరు మేడమ్.”

“ఆపండి. కావాలంటే ఆరు దాకా ఆపండి. ఇప్పుడు చెప్పిందంతా నాకు రాసి పంపండి.”

“మెయిల్ చేస్తాను మేడమ్.”

“కాగితం మీద!”

ఆపేశాను. పదిహేను నిమిషాల తర్వాత, తను మామూలుగా చేసే తనిఖీ వేళకి, సర్వర్ మూడో డిస్కును చూసింది. ఖాళీ. తుడిచింది. ఒక శాతం.

మధ్యాహ్నమంతా ముగ్గురం ఆ అంకెను చూస్తూ కూర్చున్నాం. స్క్రూడ్రైవర్ ఎక్కడినుంచో టేబుల్ ఫ్యాన్ తెచ్చి, జ్వరం వచ్చినవాడికి విసిరినట్టు, ఆ డిస్కుకి ఎదురుగా పెట్టాడు. నేను కాగితం మీద సంజాయిషీ రాశాను. డెబ్భై ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది. ఒక నిమిషం. మూడు నిమిషాలు. ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఏదైనా నొక్కుదామని చెయ్యి చాచాను.

“ముట్టుకోకండి” అన్నారిద్దరూ ఒకేసారి.

చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజు నేను చేసిన ఉత్తమమైన మరమ్మతు అదే. ఆరో నిమిషంలో డెబ్భై రెండు పడింది.

అయిదూ పదికి వంద. సరిచూసుకుంటే ఒక్క ఉత్తరమూ తగ్గలేదు. ఆమె నా కుర్చీలో కూర్చుని తన మెయిల్ తెరిచింది, మాస్టారి పేరు వెతికింది. నాలుగొందల పదకొండు. అయిదో అధ్యాయం మీది ఉత్తరం తెరిచి పైకి చదివింది, “‘ఈ వాక్యం ఎవరికోసం రాశావమ్మా? రాసిన నీకైనా అర్థమైందా?’” చదివి, నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇదే సార్. ఇలాంటివి ఇరవై మూడున్నాయి ఈ అధ్యాయానికి.”

స్క్రూడ్రైవర్‌ని అడిగి తీసుకున్న రెండు పెన్‌డ్రైవ్‌లలోకి అన్నీ దించుకుంది. ఎందుకు రెండు అని నేను అడగలేదు. తర్వాత, ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక కాబోలు, అక్కడే మొదటి సవరణ మొదలుపెట్టింది. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. నేను సంజాయిషీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో కలిసి చచ్చిపోయిన డిస్కు విప్పడానికి వెళ్ళాను. నా కుర్చీ నాకిమ్మని అడిగే ముఖం ఆ సాయంత్రం నాకు లేదు. ఆమె రాస్తున్న తీరు చూస్తే, అడిగినా వినిపించుకునేది కాదు.