ఓలీటా నాన్న తుపాకి

టెన్నెసీ కొండల్లో ఎద్దుమాంసం పందెం అంటే తెలుసుగా, తుపాకి గురి తగిలినవాళ్లకి ఎద్దు తొడ, దగ్గర్లో పడ్డవాళ్లకి తోలు, తప్పినవాళ్లకి ఇంటిదారి. నాన్న పోయాక ఆయన చోట ఓలీటాయే నిలబడాలి, అదీ ఆయన చెకుముకి తుపాకితోనే. అక్కడి కట్టడి అది.

పందెం రెండ్రోజుల్లో ఉందనగా, అరువు పట్టుకెళ్లిన ఆ తుపాకిని మరిది వర్జిల్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. గొట్టం తళతళలాడుతోంది.

"తుప్పు వదిలించాను వదినా, ఉప్పు కాగితంతో."

"తుప్పా? అది నూరేళ్లుగా గొట్టానికి పట్టిన రంగు, నాయనా. నీ పళ్ల మీద పాచి అనుకున్నావా?"

గొట్టం చివర, గురిబిళ్ల కింద, నాన్న ఉలితో పెట్టిన సన్నగీత ఉండేది. బిళ్ల మీది గీత దానితో కలిస్తే గురి కుదిరినట్టు. ఇప్పుడు గీతే లేదు. ఇత్తడి బిళ్ల నిండా మేకుతో బాదిన గాట్లు.

"గుండు ఎడమకి పోతోందని బిళ్లని కుడికి కొట్టాను."

"గొట్టం కొసనుండే బిళ్లని గుండు ఎటు పోతే అటే జరపాలి. మీ అన్న నీకు వందసార్లు చెప్పాడు. అయినా తప్పు బిళ్లది కాదు, నువ్వు మీట నొక్కేముందు కళ్లు మూసుకుంటావు."

వర్జిల్ నవ్వి పొగాకు ఉమ్మాడు, కడిగిన గడప మీదే. ఓలీటా మొహం తిప్పుకుంది.

ఆ మేకుని మళ్లీ బిళ్ల దగ్గరికి రానివ్వదలుచుకోలేదు ఆమె. కంచరగాడిద లాడం ఒకటి తీసి ఒక కొమ్ముకి బెజ్జం వేసి, లోపల మరలు కోసి, బిళ్లని మెల్లగా జరపడానికి బోల్టు ఎక్కించింది. సారా కాచే పాత రాగి గొట్టం ముక్క కోసి బోల్టు మొనకి తొడిగింది, మెత్తగా తోస్తుందని. రెండో కొమ్ముకి తోలు చుట్టి తుపాకి గొట్టానికి ఆనించింది. బోల్టుని ఓ పావు చుట్టు తిప్పడం, కంచె దగ్గర నిలబెట్టిన చెక్కపలకకి పేల్చడం, మళ్లీ తిప్పడం. చీకటి పడేలోగా గుండు నడిమధ్యకి వచ్చింది.

పందెం మాత్రం మిట్టమధ్యాహ్నం. తళతళలాడే గొట్టం ఎండని తీసుకొచ్చి ఆమె కంట్లోనే కొట్టింది. ఆ మెరుపు చావడానికి నాన్న తుపాకికి బూడిద పూయాల్సొచ్చింది పాపం, అదీ అందరూ చూస్తుండగా. అయినా గుండు వేలెడు పక్కకి పోయింది. తొడ ఇంకెవరికో పోయి, ఆమెకి పచ్చితోలు దక్కింది.

"తోలైనా వచ్చిందిగా వదినా."

ఓలీటా తుపాకిని ముందు సీట్లో తన పక్కన పడుకోబెట్టి, మరిదిని ట్రక్కు వెనక తోలు పక్కన కూర్చోబెట్టింది. ఇల్లు చేరేదాకా ఈగలు తోలుకుంటూనే ఉన్నాడు.