రోలరు తొక్కిన అంగారకుడు

తెలుగు సంఘానికి అధ్యక్షుడైనంత మాత్రాన తెలుగు వచ్చేస్తుందని రాజేంద్రన్‌కు ఎవరు చెప్పారో తెలియదు; ఎవరూ చెప్పనక్కరలేకుండానే నమ్మే రకం మనిషి ఆయన. తమిళనాడులోని ఇండూరు రైతు కన్నప్పన్ కూతురు జయప్రియ ధర్మపురి కళాశాలలో పరిశోధకురాలు. అంగారకుడి మీద దిగే ల్యాండరుకు కాళ్ళు రూపొందించింది. తండ్రి చేనిలో వాటిని పరీక్షించడానికి బుధవారం బెంగళూరు నుంచి శాస్త్రజ్ఞులు రావలసి ఉంది. ఆ సంగతి చాటుతూ తమిళంలో వెలువడిన ప్రకటనను రాజేంద్రన్ తెనిగించాడు. తమిళంలో అంగారకుడూ సెవ్వాయే, మంగళవారమూ సెవ్వాయే. ఆయన రెండోదాన్ని ఎంచుకున్నాడు: “ఇండూరులో మంగళవారం దిగు యంత్రం.” ఊళ్ళో తెలుగు మాట్లాడేవారే గానీ లిపి చదివేవారు లేరు గనుక ఆ ఘనకార్యం కాగితం మీదే సమాధి కావలసింది. ఆటోకు మైకు కట్టించి మరీ తానే చదివాడు.

మంగళవారం పొద్దున్నే జనం కన్నప్పన్ చేనికి వచ్చి, ఆకాశం చూస్తూ నిలుచున్నారు. నిలుచున్నది జయప్రియ ఎర్రరాతిని పొడి చేయించి, జల్లించి, వదులుగా పరచిన పరీక్షాస్థలం నడుమ. అలాంటి నేలలో కూరుకుపోకుండా కాళ్ళు నిలిస్తేనే ఆమె నమూనా ఎంపికవుతుంది.

“ఎప్పుడు దిగుతాదే జయా? మెడ పట్టుకున్నాది,” అంది పక్కచేని రంగమ్మాళ్.

“అది దిగేది సెవ్వాయిలో అవ్వా, ఇక్కడ కాదు!”

“ఈ దినం సెవ్వాయే కదే?”

మధ్యాహ్నానికి పొడి అంతా కాళ్ళ కింద అణగిపోయింది. రాజేంద్రన్ పశ్చాత్తాపపడలేదు, దానికి కొంత తెలివి కావాలి. జయప్రియ కళాశాలకు వెళ్ళి వచ్చేలోగా రోడ్డు రోలరు తెప్పించి నేలను చదును చేయించాడు.

“చూడమ్మా, ఎంత సొగసుగా ఉందో! నీ యంత్రం కంబం మాదిరి నిలుస్తాది.”

“నిలుస్తాది సార్. ఈ నేల మీద మీ కుర్చీ కూడా నిలుస్తాది.”

“మనం చెప్పకుంటే వాళ్ళకెట్ల తెలుస్తాది?”

బుధవారం శాస్త్రజ్ఞులకు ఆమే చెప్పింది. వారిలో ఒకాయన వంగి నేలను వేలితో నొక్కాడు, వేలు దిగలేదు. ఇక్కడ పరీక్ష జరపలేమనీ, ఈ విడతకు ఆమె నమూనాను పక్కన పెడుతున్నామనీ, మరో విడత ఎప్పుడో తమకే తెలియదనీ చెప్పి కారెక్కారు. రాజేంద్రన్ శాలువాలు చేత పట్టుకుని ఆ కారు వెంట కొంత దూరం పరుగెత్తాడు.

కన్నప్పన్ గడ్డపార తెచ్చి, గట్టిపడిన నేలలో ఒక పోటు వేశాడు.

“నేల మళ్ళా వదులు కావాలంటే ఎంత లోతు పెళ్ళగించల్లమ్మా?”

“మోకాలి దాకా, నాయనా,” అంది జయప్రియ, ల్యాండరు నమూనా మీద పరదా కప్పుతూ.