బోరింగు దగ్గరి సరిహద్దు

పటం పరుచుకుని పెన్సిళ్ళతో బెర్లిన్‌ను కోసిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అడిగేది. అందరూ కలిసి నాజీలను తన్నారు, బాగుంది. మూడేళ్ళు గడిచాయో లేదో ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు. మీ అలకలకు మా దుంపలు ఎండాలా? గీత గీసేటప్పుడు అక్కడొక బోరింగు ఉందని మీలో ఒక్కడైనా చూశాడా?

1948 ఆగస్టులో ఒటీలియా ప్లాగెమన్ అడిగింది ఇదే. ట్రెప్టో అంచున ఉన్న కూరగాయల తోటల సంఘానికి ఆమె అధ్యక్షురాలు. నలభై మళ్ళకు ఒకటే బోరింగు. సగం మళ్ళు అమెరికా వాళ్ళ చేతిలో, సగం రష్యా వాళ్ళ చేతిలో. పడమటి బెర్లిన్‌కు వచ్చే దారులన్నీ రష్యా మూసేసింది. తిండి విమానాల్లో దిగుతోంది, అదీ ఎండబెట్టిన దుంపముక్కలు. ఒటీలియా మడి పడమట ఉంది, బోరింగు గీతకు నాలుగడుగులు తూర్పున ఉంది. నీళ్ళు అందకపోతే చలికాలంలో ఆమెకు మట్టే గతి.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం రష్యన్ సార్జెంటు ఫ్యోదర్, అమెరికన్ కార్పొరల్ లెస్టర్ వచ్చి, ఒకరినొకరు పలకరించుకోకుండానే సున్నంతో గీత పోశారు. రాటలు పాతడానికి సుత్తులు ఎత్తేసరికి ఒంటిగంట కొట్టింది.

ఒటీలియా అడ్డం నిలబడింది. తోటల్లో ఒంటిగంట నుంచి మూడింటి దాకా చప్పుడు చేయకూడదు. బాంబులు పడిన రోజుల్లో కూడా ఆ వేళ మేకు కొట్టినవాడికి నోటీసు ఇచ్చిన సంఘం అది.

"ఇది సైన్యం ఆజ్ఞ, మామ్మా," అన్నాడు ఫ్యోదర్ వచ్చీరాని జర్మన్‌లో.

"సైన్యానికి నిద్ర రాదా బాబూ? మూడింటికి కొట్టుకో, ఎవరొద్దన్నారు."

లెస్టర్ సుత్తి దించాడు. వాడు దించాక తాను ఎత్తితే మోటుగా ఉంటుందని ఫ్యోదరూ దించాడు. ఒటీలియా ఇద్దరికీ ఉప్పు చల్లిన నూల్‌కోల్ ముక్కలు పెట్టింది. గీతకు ఇటొకడు అటొకడు పొదల నీడన కూలబడ్డారు. కాసేపటికి రెండు దేశాలూ ఒకే శ్రుతిలో గురక పెట్టాయి.

ఒటీలియా చీపురు అందుకుంది. తూర్పు మడి వాండా ఆమెకు ముప్పై ఏళ్ళ స్నేహితురాలు. గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఒసే, గీత అటు జరిపితే నా మడికి నీళ్ళెక్కడివే?"

ఒటీలియా ఆగిపోయింది. తన దుంపల గొడవలో వాండా దుంపలు గుర్తుకే రాలేదు. సిగ్గనిపించింది.

"అయితే బోరింగు మధ్యలోంచి పోనిద్దాం. పిడి నీది, మూతి నాది."

తోటలో వాళ్ళంతా చెప్పులు విడిచి, కిక్కురుమనకుండా పాత సున్నం ఊడ్చి కొత్తది పోశారు.

మూడింటికి లేచిన ఫ్యోదర్ గీతను చూశాడు, చేతిలో కొలతల కాగితం చూశాడు, లెస్టర్‌ను చూశాడు. లెస్టర్ తన కాగితంలోకి తలదూర్చాడు. గీత జరిగిందని రాస్తే నిద్రపోయామని కూడా రాయాలి. ఇద్దరూ నోరు మూసుకుని రాటలు కొట్టారు. వరస బోరింగు దాకా వచ్చి ఆగి, అవతల మళ్ళీ మొదలైంది.

తూర్పు నుంచి వాండా పిడి కొట్టింది. పడమట ఒటీలియా బకెట్ నిండింది. ఆ మొదటి బకెట్‌ను ఒటీలియా రాటల మీదుగా వాండాకే అందించింది. సైనికులు ఆకాశంలో విమానాలు లెక్కపెడుతున్నట్టు తలెత్తి నిలబడ్డారు.

అప్పుడు ఒటీలియా సంఘం నియమాల పుస్తకం తెరిచి ఇద్దరి మొహాల ముందూ పెట్టింది.

"మా తోటలో కంచె వేసినవాళ్ళు శనివారం ఒక పూట సంఘానికి పని చేయాలి. ఎనిమిదింటికి రండి. మీ పై అధికారులనూ, వాళ్ళ పైవాళ్ళనూ వెంటబెట్టుకు రండి. పటాలు తేవద్దు, గునపాలు తెండి. ముందు ఈ రాటలు పీకండి."