పాప ఆకలి

“ఆ గరిటె ఇటు పెట్టు. పాపకి ఇప్పటికే రెండుసార్లు వేశావు” అన్నారు అత్తయ్య. “పదమూడేళ్లకే తలుపంత అయింది. అంతా నీ పోలికే!”

“బడి నుంచి ఆకలితో వచ్చింది అత్తయ్యా” అన్నాను, అదే మాట నాలుగోసారి.

“దానిది ఆకలి కాదు, నోటి యావ” అన్నాడు మా ఆయన, మూడో వడ్డనకు పళ్లెం జరుపుతూ. తను ఎంత తిన్నా వెదురుబద్దే. “నా ఒంటికి పట్టదు” అని, అదేదో పరీక్ష నెగ్గినట్టు చెప్పుకుంటాడు.

పాప ఖాళీ పళ్లెంలో వేలితో గీతలు గీస్తోంది. నేను మాత్రం అక్కడ లేను. మనసంతా చిట్టెలుకల గదిలో ఉంది. పరిశోధనశాలలో పద్నాలుగేళ్లుగా నా పని వాటికి మేత తూచి పెట్టడం, మర్నాడు మిగిలింది తూచడం. మసక వెలుతురు, రంపపు పొట్టు వాసన, వందల పళ్లు కొరికే చప్పుడు దూరాన వాన పడుతున్నట్టు. ఆ వానలో తిరుగుతుంటే నా బరువు నాకు తెలియదు. పక్కపక్క గూళ్లలో రెండున్నాయి. ఒకే మేత, ఒకే తూకం. ఒకటి సన్నం, ఒకటి గుండ్రం. “కూర్చున్నా పడుకున్నా దీని ఒళ్లు ఖర్చుచేసేది తక్కువమ్మా” అంది పరిశోధన చేసే మా డాక్టరమ్మ, గుండ్రందాన్ని చూపిస్తూ. కింది గూట్లో ఉన్న ఇంకోదానికి కడుపు నిండిందన్న కబురే ఆలస్యంగా అందుతుందట. పుట్టుకతో వచ్చిందట, తల్లిదీ అంతేనట. “మనుషుల్లో ఇంత సూటిగా ఉండదు. కానీ వాళ్లలోనూ ఉంటుంది” అంది.

ఆ గదిలో ఏ ఎలుకనూ ఎవరూ తిట్టరు.

పెళ్లయిన కొత్తలో “మా ఆవిడ గాలి పీల్చినా లావెక్కుతుంది” అని ఈయన చుట్టాల ముందు నవ్వితే, నేనూ నవ్వాను. అప్పటినుంచి బల్ల దగ్గర రెండు ముద్దలు తిని లేస్తాను. అసలు భోజనం వంటింట్లో, తలుపు చాటున, నిలబడి. నిన్న సాయంత్రం అదే తలుపు చాటున పాపను చూశాను. చప్పుడు కాకుండా, గబగబా, నమలకుండా మింగుతోంది. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది. ఈ ఒళ్లు నేనిచ్చిందే కావచ్చు. ఆ దాచుకోవడం కూడా నేనే ఇచ్చానా?

“ఏమిటలా నిలబడిపోయావు?” అన్నాడు ఈయన.

అన్నం గిన్నె పాప ముందు పెట్టాను. దాని పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

“ఇకనుంచి ఎవరికెంత కావాలో వాళ్లే వడ్డించుకోవాలి” అన్నాను నెమ్మదిగా. “నేనూ పాపా ఇక్కడే, మీ అందరి ఎదుటే తింటాం. కడుపు నిండేదాకా.”