చెప్పని మనవి

బుధవారం ప్రార్థనకి కుర్చీలు వేయడం నోరీన్ పని. ముందు ఒకటో తరగతి వాళ్లకి చిన్నవి, వెనక పన్నెండో తరగతి వాళ్లకి పెద్దవి. టెనెసీ కొండల్లో చిన్న బాప్టిస్టు చర్చి, దాని వెనక రేకుల హాల్లో బడి. హెడ్‌మాస్టరు ఆమె భర్త వెండెల్. బైబిలు పాఠాలు రాసేది ఆమే, పెద్ద మగపిల్లలకి చదివేది ఆయన. "మగపిల్లలకి ఆడది వాక్యం చెప్పకూడదు కదా నోరీన్. నువ్వు రాసిపెట్టు చాలు."

సర్కారు బడిలో టీచరుగా చేరాలనుందని పోయిన నెల ఆమె ఇద్దరికే చెప్పింది: భర్తకీ, బడి వంటగదిలో పనిచేసే ట్వైలాకీ. ఆ బుధవారమే వెండెల్ వేదికెక్కి, "మనలో ఒక సోదరి మనసు లోకం వైపు లాగుతోంది, ప్రార్థించండి" అన్నాడు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఇంటికెళ్లి అడిగితే, "నాకంటే ముందే ట్వైలా అందరికీ చెప్పేసింది. ఆడవాళ్ల కడుపులో ఏదైనా దాగుతుందా?" అని నవ్వాడు.

ట్వైలాతో మాట మానేసింది. కానీ ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈ వారం, ఏది బయటికి పొక్కుతుందో చూద్దామని, రెండు అబద్ధాలాడింది. నిద్ర పట్టట్లేదని ట్వైలాతో, అమ్మ మీద కోపంగా ఉందని వెండెల్‌తో.

"అమ్మయ్య, మాట్లాడావా తల్లీ! నా రొట్టెలు గట్టిగా ఉన్నాయని అలిగావనుకున్నా" అంది ట్వైలా.

ఇప్పుడు వేదిక మీద వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "కన్నతల్లి మీద కోపం పెంచుకున్న ఒక సోదరి కోసం ప్రార్థిద్దాం."

నిద్ర మాట ఎవరూ ఎత్తలేదు.

"ఇంకా మనవులున్నాయా?"

ఒక పిల్లవాడు తన కుక్క కాలు విరిగిందన్నాడు. తర్వాత నోరీన్ చెయ్యెత్తింది.

"చెప్పని మనవి."

ఆ చర్చిలో అలా అన్నవాళ్లని అదేమిటని అడగకూడదు. హెడ్‌మాస్టరయినా, మొగుడైనా. వెండెల్ ఆమెని కళ్లతోనే గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఆయన తల వంచక తప్పలేదు.

"ప్రభువా, సిస్టర్ నోరీన్ మనసులో ఏముందో నీకు తెలుసు. అది ఆమెకి దయచెయ్యి."

"ఆమెన్!" అంది ట్వైలా, వంటగది గుమ్మంలోంచి, అందరికంటే గట్టిగా.

సర్కారు బడివాళ్లు సోమవారం వచ్చి చేరమన్నారు. ఆ సంగతి నోరీన్ ఈసారి ఎవరికీ చెప్పలేదు. వచ్చే బుధవారం ఈ కుర్చీలు ఎవరు వేస్తారో వాళ్లే చూసుకుంటారు.

"ఆమెన్" అంది తనూ.