ముయె చెట్టు చింతపండు

పదిహేడో బస్తాకు చీటీ అంటించి, అరచేత్తో మూడుసార్లు గట్టిగా రుద్దాడు ఎర్రయ్య. దోర్నపాల్‌లో చింతపండు కొనే కంపెనీ గోదాములో ఆరేళ్ళుగా ఆయన పని ఇదే. చింతపండు బస్తాకు చీటీ వేసి, దాని మీది గళ్ళ గుర్తును ఫోనుకు చూపించాలి. ఏ ఊరు, ఎవరి చెట్టు అన్నది ఫోనులో ఎక్కిపోతుంది. చిన్నప్పటినుంచీ చింతగింజలు తీసి తీసి ఆయన వేళ్ళు నల్లబడ్డాయి, గీతలు అరిగిపోయాయి. పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. "చీటీలాయనా" అంటే పలుకుతాడు.

పద్దెనిమిదో బస్తా ఆయన భార్య ముయెది. ముయె పోయి మూడేళ్ళయింది. వాళ్ళ ఊరి కట్టు ప్రకారం, పోయినవాళ్ళకు గుర్తుగా రాయి నిలబెట్టేదాకా చెట్టు వాళ్ళదే. నిలబెట్టాక ముయె చెట్టు ఆమె మరిది పిల్లలకు పోతుంది. అందుకే ఎర్రయ్య రాయి మాటెత్తడు. ఎవరడిగినా "మళ్ళేడు" అంటాడు, మొండిమనిషి.

పైగా కంపెనీవాళ్ళు మొదట్లోనే చెప్పారు, ఈ బ్లాక్‌చెయిన్ అనేది లంకెకు లంకె పడిన గొలుసనీ, ఒకసారి ఎక్కిన పేరును ఎవరూ చెరపలేరనీ. ముయె పోయాక ఆ మాట తలుచుకుంటే కడుపులో పాలు పోసినట్టుండేది. సముద్రాలవతల ఎవరో బస్తాకు ఫోను చూపిస్తే ముయె పేరు కనిపిస్తుంది. ఫోనులో ఆమె పేరుకున్న తాళం నాలుగంకెలు. ఆమె పోయాక ఏటా తనే నొక్కుతున్నాడు.

ఆ బస్తా మూతి కుడుతుండగా కంపెనీ ఆఫీసరు వికాస్ వేలిముద్ర తీసుకునే కొత్త యంత్రంతో వచ్చాడు. కిరందుల్ గనుల కాలనీలో పెరిగిన ఆంధ్రావాడు, మంచివాడే.

"క్వాంటం కంప్యూటర్లని వస్తున్నాయి పెద్దాయనా. పూర్తిగా తయారైతే మన పాత తాళాలు ఇట్టే తీసేస్తాయట. ఎక్కడి సరుకైనా మీ ఊరి పేరుతో అమ్మేసుకోవచ్చు. అందుకే ముందుగానే మార్చేస్తున్నాం. ఎవరి పేరుకి వాళ్ళే వచ్చి వేలు పెట్టాలండి. సాయంత్రంతో పాతవి చెల్లవు."

"ఏంది సారూ, చెరగదంటిరి గద?"

"రాత ఉంటుందండి. దాన్నిక ఎవరూ నమ్మరు, అంతే."

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగే లోకంలో, దొంగ పుట్టకముందే తాళాలు మార్చడం ఎర్రయ్యకు వింతగా తోచింది. ఆ క్వాంటం కంప్యూటరు రేపు చేయబోయే దొంగతనం, ఒకరి తాళం మరొకరు తీయడం, తను మూడేళ్ళుగా చేస్తూనే ఉన్నాడని అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

"ముయె ఎవరండీ? రమ్మనండి," అన్నాడు వికాస్ జాబితా చూస్తూ.

ఆమె పోయిందని ఊరందరికీ తెలుసు. ఆ మాట ఆయన నోట మాత్రం ఇంతవరకు రాలేదు.

"సచ్చిపోయింది సారూ."

వికాస్ నొచ్చుకున్నాడు. జాబితాలో భర్త పేరు కూడా చూశాడు. "అయ్యో. అయితే భర్తగా మీరే వేలు పెట్టి చెప్పాలండి, లేరని."

ఎర్రయ్య వేలు పెట్టాడు. అరిగిన వేలిని యంత్రం ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి వికాస్ ఆ వేలిని తనే పట్టుకుని ఒత్తాడు. ఒకే మనిషిని ముమ్మారు చంపినట్టయింది ఎర్రయ్యకు. తెరమీద ముయె పేరు బూడిదరంగుకు తిరిగింది. బస్తా పక్కన 'మూలం తెలియదు' అని పడింది.

"పోనీ, మీ పేరు మీద ఎక్కించెయ్యనా?"

"నా చెట్టు గాదు సారూ."

చేతులు పంచెకు తుడుచుకుని ఎర్రయ్య బయటికి నడిచాడు. మర్నాడు పనికి రాలేదు. ఆ వారమంతా రాలేదు. చెట్టు కింద కూర్చుని ఉన్నాడని, కాయలు మీద రాలుతున్నా ఏరడం లేదని ఊరినుంచి వచ్చినవాళ్ళు చెప్పారు.

గోదాము మూలన, సగం కుట్టిన బస్తా మూతికి దబ్బనం అలాగే గుచ్చి ఉంది, బెజ్జంలోంచి జానెడు పురికొస వేలాడుతూ.