గాజుకంటి గవర్రాజు లెక్క తప్పు

కాలేజీకి వేసవి సెలవులిచ్చిన మూడోరోజు హరిచందన అటక సర్దింది. పాత ఇస్త్రీపెట్టె, తెగిన ఎక్స్‌టెన్షన్ బాక్సుల మధ్య నల్ల అట్ట రిజిస్టరు ఒకటి దొరికింది. పదకొండేళ్ళ కూతురు అన్విత దాన్ని లాక్కుని మధ్యలో తెరిచింది.

"అమ్మా, ఈ గాజుకంటి గవర్రాజు ఎవరు? ఈ మార్కులేంటి?"

హరిచందన నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ పేరు ఆ ఇంట్లో వినపడలేదు.

ఆమె నూజివీడులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. విజయవాడలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ ఆమెకు, రెడ్డిగూడెం నుంచి వచ్చిన స్నేహితురాలు రోజీకి ఒక ఆట నేర్పింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడాలి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోతారు. ఆ పాత్ర గోడ దూకగలదా, అబద్ధం పసిగట్టగలదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇద్దరికీ ఆ పిచ్చి బాగా పట్టింది. సీనియర్ తెచ్చిన పుస్తకాల్లో అంతా కత్తులు పట్టిన దొరలు, మంచుకొండలు. "మనవాళ్ళు ఎందుకు ఉండకూడదు?" అంది రోజీ ఒకరోజు. వాళ్ళమ్మ రిబ్కమ్మ చిన్నప్పుడు ఏదో వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం కత్తిరించి, దబ్బనంతో కుట్టి దాచుకుంది. పుస్తకంగా ఎప్పుడూ రాని సీరియల్ అది. అందులోని పాత్రల్ని ఇద్దరూ ఒక్కొక్కటిగా ఆటలోకి దించారు. ఇళ్ళలో దూరే చీకటి పాపమ్మ, కాలవ తూము కాపలాదారు భద్రయ్య, గాజుకంటి గవర్రాజు. ఒక్కొక్కరికి బలం, చురుకు, తెలివి, ధైర్యం, మాటకారితనం, నమ్మకం అని ఆరు గుణాలు. ఆరూ కలిపి నలభై రెండు మార్కులు దాటకూడదు. నలభై పాత్రలయ్యాక ఒక బ్లాగు పెట్టారు. ఎవరైనా చదవొచ్చు, రాసే పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరికే తెలుసు.

తొమ్మిదేళ్ళ కిందట హైదరాబాదులో ఎవరో ఒక కార్డుల ఆట విడుదల చేశారు. అందులో గాజుకంటి వాడొకడున్నాడు. బలం తొమ్మిది, చురుకు అయిదు, తెలివి ఎనిమిది, ధైర్యం ఏడు, మిగతా రెండూ ఆరేసి. కింద మొత్తం నలభై రెండు అని వేశారు. కూడితే నలభై ఒకటే. రిజిస్టర్లో హరిచందన చేసిన తప్పు అచ్చంగా అలాగే దిగిపోయింది. బ్లాగులో పెట్టేముందు ఆమె దాన్ని సరిచేసి బలం పది చేసింది. అంటే ఎత్తుకెళ్ళినవాళ్ళు బ్లాగు చూసి కాదు, రిజిస్టరు చూసి ఎత్తుకెళ్ళారు. రిజిస్టరు ముట్టుకున్నది తను కాక రోజీ ఒక్కతే.

ఆమె రోజీని అడగలేదు. ఫోన్లు ఎత్తడం మానేసింది. నాలుగైదుసార్లు చేసి రోజీ కూడా మానేసింది.

"మళ్ళీ చెయ్యొచ్చుగా అమ్మా? నేనూ ఆడతా," అంది అన్విత.

ఆ సాయంత్రం హరిచందన లాప్‌టాప్‌లో బ్లాగు తెరిచింది. దుమ్ము పట్టి ఉంటుందనుకున్నది కాస్తా శుభ్రంగా కనబడింది. అన్నిటికంటే పైన తను రాయని పాత్ర ఒకటి ఉంది. 'చీకటి పాపమ్మ, అరవయ్యేళ్ళు దాటాక.' పెట్టి మూడు వారాలైంది. లోపల డ్రాఫ్టులు చూసింది. రిజిస్టరు చివరి అట్ట మీద తన చేత్తో రాసుకున్న లెక్క ప్రకారం ఏడు డ్రాఫ్టులుండాలి. ఆరే ఉన్నాయి. ఏడోది ఏంటో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

భర్త భార్గవతో చెబితే అతను టీ కప్పు పక్కన పెట్టాడు. "రోజీయే అయ్యుంటుంది. ఫోన్ చేసి అడుగు."

"అడిగితే నిజం చెబుతుందా అండీ? ఒకటి అమ్ముకుంది. ఇప్పుడు మిగతావి తయారు చేసుకుంటోంది. డ్రాఫ్టు కూడా మాయం చేసింది."

"అమ్ముకుందని నీకెవరు చెప్పారు?"

"లెక్క చెప్పింది," అంది హరిచందన.

ఆమె ఫోన్ చెయ్యలేదు. వల పన్నింది. తూముల భద్రయ్యని కొత్తగా రాసి బ్లాగులో పెట్టింది. సీరియల్లో భద్రయ్యకి కుడిచెయ్యి పడిపోయి ఉంటుంది. కావాలనే ఎడమ అని రాసింది. ఈసారి ఎక్కడైనా ఎడమచెయ్యి పడిపోయిన తూము కాపలాదారు కనబడితే చాలు, దొంగ దొరికినట్టే. రోజుకి పదిసార్లు బ్లాగు తెరిచి చూసింది. అన్నం వడ్డిస్తూ ఫోన్ చూసింది. ఎవరో చూస్తున్నారన్న ధ్యాసతో రాసిన ప్రతి వాక్యం ఆమెకే దొంగలా కనబడసాగింది.

రెండోరోజు మధ్యాహ్నానికి 'ఎడమ' పోయి 'కుడి' వచ్చింది. కింద చిన్న అక్షరాలతో ఒక ముక్క రాసి ఉంది. 'సీరియల్ అయిదో వారం చూడు.'

హరిచందనకి ఒళ్ళు మండింది. తనని ఆటపట్టిస్తోంది! పట్టుబడ్డా లెక్కలేదన్నమాట. మర్నాడు పొద్దున్నే రిజిస్టరు సంచిలో వేసుకుని స్కూటీ తీసింది.

రెడ్డిగూడెం దారంతా లారీలు. కలెక్టరు మామిడికాయలు గుట్టలుగా వేసుకుని జ్యూసు ఫ్యాక్టరీలకి పోతున్నాయి. స్కూటీ వాటి వెనక నత్తలా నడుస్తుంటే ఆమె అనబోయే మాటలు కూర్చుకుంది. మొదట పాపమ్మ గురించి అడగాలి. కాదంటే డ్రాఫ్టు. దానికీ బుకాయిస్తే గవర్రాజు పేజీ ముందు పెట్టాలి.

మామిడితోట గేటు దగ్గర రోజీ నాన్న ఆరోగ్యం గారు కాయలు కోసే చిక్కం కర్రకి వల బిగిస్తున్నారు. ఆమెని చూసి కళ్ళు చికిలించారు.

"చందనా? ఎన్నాళ్ళకి వచ్చావమ్మా! రోజీ షెడ్డులో ఉంది, వెళ్ళు. ఇంట్లో అందరూ బాగున్నారా?"

ఆయన గొంతులో ఏమైనా తేడా ఉందా అని వెతికింది. ఏమీ కనబడలేదు. అదీ అనుమానంగానే అనిపించింది.

షెడ్డులో రోజీ నేల మీద కూర్చుని చిన్నరసాలు ఏరి ట్రేల్లో పేరుస్తోంది. ముంజేతుల మీద మామిడి సొన కాలిన మచ్చలు. జుట్టు అక్కడక్కడా తెల్లబడింది. తలెత్తి చూసి, చేతిలో కాయని ట్రేలో పెట్టి మరీ మాట్లాడింది.

"భద్రయ్యని పెట్టాక వారం పడుతుందనుకున్నా. మూడురోజులకే వచ్చావ్."

"అంటే నువ్వేనని ఒప్పుకున్నట్టేగా?"

"దేనికి ఒప్పుకోవాలి? అది నా బ్లాగు కూడా."

"తొమ్మిదేళ్ళు లేనిది ఇప్పుడెందుకు మొదలెట్టావ్?"

"అమ్మ పోయాక ఆ కుట్టిన పుస్తకం నా చేతికొచ్చింది. చదివితే మళ్ళీ మనసు లాగింది. ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఇక్కడే ఆడుతున్నాం. నేనూ, బాపులపాడు నుంచి మా చార్లెస్ అన్నయ్య, రిటైరైన పోస్టుమాస్టరు సీతారామాంజనేయులు గారూ. పాపమ్మ ముసలిదైతే ఎలా ఉంటుందని ఆయనే అడిగారు. రాసి పెట్టా." రోజీ ఇంకో కాయ అందుకుంది. "నువ్వు చూస్తావని అనుకోలేదు."

రిబ్కమ్మ గారు పోయిన సంగతి హరిచందనకి తెలియదు. కానీ తొమ్మిదేళ్ళు మోసిన మాట ఆగలేదు. సంచిలోంచి రిజిస్టరు తీసి గవర్రాజు పేజీ తెరిచి ముందు పెట్టింది.

"ఇది వాళ్ళకి నువ్వే ఇచ్చావుగా?"

రోజీ ఆ పేజీ చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుని లేచి, గోడకున్న రేకు బీరువాలోంచి ఒక ఫైలు తీసుకొచ్చింది. అందులో ఒక కాగితం. బ్లాగులోని గవర్రాజు పేజీకి ప్రింటు.

"అప్పట్లో ఆడుకోడానికి నెట్ సెంటర్లో తీయించా. చూడు."

బలం తొమ్మిది. మొత్తం నలభై రెండు. పైన బ్లాగులో పెట్టిన తేదీ జూన్ పన్నెండు. కాగితం అడుగున ప్రింటు తీసిన తేదీ దానంతటదే పడింది, జూన్ పదిహేను.

హరిచందన రెండుసార్లు చదివింది. మూడోసారి కాగితాన్ని వెలుతురులోకి తిప్పి చదివింది. ఎక్కడైనా దిద్దినట్టుందేమోనని వేలితో తడిమింది. తప్పు లెక్కతోనే బ్లాగులో పెట్టింది. ఆ తర్వాతెప్పుడో సరిచేసింది. ముందే సరిచేశానని తనకు తనే చెప్పుకుని, అదే నిజమని నమ్మేసింది. ఆ మధ్య రోజుల్లో ఊళ్ళో ఎవరైనా, దేశంలో ఎవరైనా దాన్ని చూసి రాసుకుని ఉండొచ్చు.

"మరి చెప్పొచ్చుగా," అంది. ఆ గొంతు ఆమెకే చాలా చిన్నగా వినపడింది.

"ఏమని చెప్పను? నువ్వు ఏం అనుకుంటున్నావో నాకేం తెలుసు? ఫోన్ ఎత్తలేదు. బ్లాగులో ఏమైనా రాశావేమోనని తెరిచా. డ్రాఫ్టుల్లో ఒకటి చూశా. నా పేరుతో పాత్ర. రోజీ. బలం ఆరు, తెలివి ఎనిమిది, మాటకారితనం పది, నమ్మకం ఒకటి. 'నవ్వుతూ పక్కన కూర్చుంటుంది, అమ్మకానికి ఏది దొరుకుతుందా అని చూస్తుంది.' అప్పుడే చెరిపేశా."

ఏడో డ్రాఫ్టు. హరిచందనకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ కార్డు చూసిన రోజు కోపంతో ఊగిపోతూ రాసింది. మర్నాటికి రాసినట్టే మర్చిపోయింది. దాన్ని చదివిన మనిషి మాత్రం ఒక్క అంకె కూడా మర్చిపోలేదు.

ఆమె ఒక ట్రే బోర్లించుకుని కూర్చుంది. బయట ఎవరో కొమ్మ ఊపారు, కాయలు గడ్డి మీద టపటపా రాలాయి. ఆరోగ్యం గారు ఎవర్నో కేకలేస్తున్నారు.

"తప్పు నాదే రోజీ," అంది చివరికి.

"ఊఁ."

"ఏం చెయ్యమంటావ్?"

రోజీ ఒక చిన్నరసం తీసి, ముచ్చిక దగ్గర చిదిమి, సొన పిండి పారబోసి ఆమె చేతికిచ్చింది. "తిను. ఎండనపడి వచ్చావ్." తర్వాత అంది, "ఏడ్చి క్షమాపణలు అడక్కు, నాకు పనుంది. ఆదివారం మూడింటికి రా. కథ నేను నడుపుతా. నువ్వు పాత్ర వేసుకో. ముగ్గురం ఎప్పుడూ చాలట్లేదు."

ఆదివారం హరిచందన అన్వితని తీసుకుని వెళ్ళింది. షెడ్డులో ట్రేలు పక్కకి జరిపి బల్ల వేశారు. తెల్ల లుంగీలో సీతారామాంజనేయులు గారు పాచికలు చేతిలో గలగలలాడిస్తూ కూర్చున్నారు. ఆట మొదలైన పావుగంటకి చార్లెస్ పాచిక వేసి దానిమీద చెయ్యి అడ్డం పెట్టాడు. హరిచందన కళ్ళు ఆ చేతి మీదే నిలిచిపోయాయి. అతను మోసం చేస్తున్నాడా? అడగాలనిపించింది. తల తిప్పితే రోజీ ఆమెనే చూస్తోంది. హరిచందన చూపు దించుకుంది. "చార్లెస్ గారూ, ఎంత పడిందండీ?" అని మామూలుగా అడిగింది. "మూడేనమ్మా, సిగ్గేసి దాచా," అన్నాడతను. అందరూ నవ్వారు. రోజీ కూడా నవ్వింది, కొద్దిగా.

ఆ వారం హరిచందన బ్లాగులో ఒక పేజీ రాసింది. గవర్రాజు లెక్క తప్పింది తన వల్లేననీ, ఆ తప్పుని ఆధారం చేసుకుని ఒక మనిషిని తొమ్మిదేళ్ళు దొంగని చేశాననీ దాచుకోకుండా రాసింది. పెట్టేముందు రోజీకి పంపింది. రోజీ చదివి, "నా పేరు తీసెయ్, మిగతాది ఉంచు," అంది. అలాగే చేసింది. ఎవరో ఇద్దరు ముగ్గురు చదివారు.

జూన్ ఆఖరుకి పాత్రలు యాభై రెండయ్యాయి. సగం రోజీ రాసినవి, వాటి కింద ఆమె పేరే ఉంటుంది. హరిచందన ఎన్నిసార్లు పిలిచినా రోజీ ఇంతవరకు నూజివీడులో వాళ్ళింటికి రాలేదు. భార్గవ ఒకసారి ఎందుకని అడగబోయి ఊరుకున్నాడు. ఆదివారాల్లో మాత్రం ఆటయ్యాక రోజీ గేటు దాకా వచ్చి స్కూటీ తిరిగేదాకా నిలబడుతుంది. మొన్న, తోటలో ఆఖరి కోత అయిన రోజున, అన్విత నెత్తి మీద చెయ్యి వేసి అంది.

"కాయ అయిపోయిందని రావడం మానెయ్యకండి. వానల్లోనే నాకు తీరిక."